దద్దు తేలని ఒళ్లు

మా ఇంట్లో నల్లి అన్న మాటను మొదట పలికింది మా అత్తగారు. ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, చిట్టి మోచేతి మీద వరసగా లేచిన దద్దుర్లను కాసేపు చూసి, "ఇవి దోమకాట్లు కావు, నల్లులు" అంది. ఇంకో గుక్క తాగి, "ఇన్నాళ్లూ మనింట్లో లేవు" అంది. ఆ రెండో మాటతో తీర్పు అయిపోయింది. ఇక విచారణ ఎందుకు, సాక్షులెందుకు.

చిట్టి మా ఆడపడుచు. మా ఆయనకు చెల్లెలు, అత్తగారికి ఒక్కగానొక్క కూతురు. అంతకు కొద్దివారాల ముందే మొగుణ్ణి వదిలేసి, ఒక సూట్‌కేసు పట్టుకుని వచ్చేసింది. ఏమైందే అని అత్తగారు అడిగితే, "ఆఫీసుకెళ్తూ బయట తాళం వేసుకుని వెళ్తాడమ్మా" అంది.

"కొడతాడా?"

"కొట్టడు."

"తాగుతాడా?"

"తాగడు."

"మరి తాళానికేనా ఇంత రాద్ధాంతం? ఇల్లు భద్రంగా ఉంటుందని వేసుంటాడు."

చిట్టి లోపలికి వచ్చేసింది. తర్వాత వంటగదిలో గిన్నెలు తుడుస్తూ నాతో అంది. "పెద్దగా ఏమీ చెయ్యడు వదినా. ఫోన్ తీసుకుని చూస్తాడు. కూరలో ఉప్పు తక్కువైతే వారం మాట్లాడడు. రోజూ కాస్త కాస్త. ఎవరికైనా చెబితే ఇంతేనా అంటారు."

నేను ఇంతేనా అనలేదు. అలా అనకపోవడం తప్ప నేను చేసిన ఘనకార్యమూ లేదు.

అత్తగారిది మాత్రం ఒకటే పాట. "నేను చెయ్యలేదా కాపురం? మీ నాన్నేమైనా తక్కువ తిన్నాడా? ఆయన కోపానికి వీధి వీధంతా తలుపులేసుకునేది. నాకేమైంది? ఇదిగో, గుండ్రాయిలా ఉన్నాను." ఈ గుండ్రాయి మాట వచ్చినప్పుడల్లా చిట్టి లేచి ఏదో ఒక పని వెతుక్కునేది.

మాది మూడు గదుల ఇల్లు. ముందు గదిలో నా కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, ఒక సోఫా. మధ్య గదిలో పక్కపక్కనే రెండు మంచాలు, ఒకటి అత్తగారిది, ఒకటి మా పిల్లది. లోపలి గది మాది. చిట్టి వచ్చాక మా పిల్ల పక్కన పడుకుంది. నల్లి మాట పుట్టిన రోజునే అత్తగారు "పిల్లకు అంటుకుంటాయి" అని చిట్టిని ముందు గదిలో సోఫా మీదికి మార్చింది. వారం తిరిగేసరికి సోఫాలో నల్లులు. మా ఆయన డ్యూటీకి పోయిన రోజుల్లో ఒక్కదాన్నే పడుకుంటాను కదా, నా గదికి రమ్మన్నాను. అక్కడా నల్లులు. చివరికి వంటగదిలో చాప పరుచుకుంది. చాపను చంకలో పెట్టుకుని సొంత పుట్టింట్లో గది గదికీ తిరిగింది చిట్టి. ఎక్కడ పడుకుంటే అక్కడ నల్లులు కనబడుతుంటే, అత్తగారి కేసు మరింత బలపడింది.

దద్దుర్ల సంగతీ అంతే. చిట్టికి చేతులు, మెడ, నడుము, అంతా ఎర్రగా లేచేది. గోకి గోకి పుండ్లు పడేవి. నాకు అక్కడక్కడ ఒకటో రెండో. పిల్లకూ అంతే. అత్తగారికీ, మా ఆయనకూ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. తల్లీకొడుకులది ఒకే ఒళ్లు. మా ఆయన రాత్రి బస్సు నడుపుతాడు. అటువైపు ఊళ్లో డిపో విశ్రాంతి గదిలో పడుకుని, మర్నాడు రాత్రి బస్సుతో తిరిగి వస్తాడు. ఇంటికొచ్చినప్పుడు మా గోకుడు చూసి, "నల్లులు నన్నెందుకు ముట్టుకోవో తెలుసా? నా ఒంట్లో ఉన్నది రక్తం కాదు, డీజిల్" అని చొక్కా చెయ్యి పైకి లాగి చూపించేవాడు. నున్నటి చెయ్యి. అత్తగారు మురిసిపోయేది. కొడుకు నల్లి కుట్టకుండా పరీక్ష పాసైనట్టు.

ఇక నా బతుకు చూడండి. దుప్పట్లు, గలీబులు, తువాళ్లు, పిల్ల స్కూలు బట్టలు, అన్నీ మరిగే నీళ్లలో వెయ్యడం, పిండడం, ఆరెయ్యడం, మళ్లీ కుట్లన్నిటి మీదా ఇస్త్రీపెట్టె ఆనించి అదమడం. కుట్టు సందుల్లోనే గుడ్లు పెడతాయని చిన్నప్పుడెప్పుడో విన్నాను. కుట్టడానికి జనం ఇచ్చిన బట్టలు ఒకపక్క పేరుకుపోతుంటే, నేను నా ఇంటి దుప్పట్లతో యుద్ధం చేస్తున్నాను. వాటికి ఏం పోయిందో తెలీదు కానీ, నాకు మాత్రం నడుం పోయింది. రోజుకు ఒకటన్నా దొరికేది. మెంతి గింజంత ఉంటుంది, పల్చగా, ఎర్రమట్టి రంగులో. తాగి ఉంటే ఉబ్బి నల్లబడుతుంది. వేలితో నొక్కితే మన రక్తమే మన వేలికి అంటుతుంది. అసహ్యం కూడా కొన్నాళ్లకు అరిగిపోయి, ఒట్టి అలసట మిగిలింది.

పరుపులు మేడ మీద ఎండలో వేస్తే పక్కింటావిడ ఏమైందని అడిగింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని, పిల్ల పక్క తడిపిందని చెప్పేసింది అత్తగారు. నాలుగో తరగతి చదివే పిల్ల. అది విని ఇంట్లో ఎవరితోనూ మాట్లాడ్డం మానేసింది. నాతో కూడా. నేనేం చేశానే అంటే, "నువ్వు కాదనలేదుగా" అంది. నిజమే, కాదనలేదు. నల్లులకంటే పిల్ల పరువు చవక అనుకున్నాం అందరం.

చివరికి మందు కొట్టే అతన్ని పిలుద్దామన్నాను. "పొద్దున్నే మందేమిటి?" అంది అత్తగారు. అది కాదు, నల్లుల మందు అని చెప్పాల్సి వచ్చింది.

అతను నడివయసు మనిషి. వీపుకు పంపు, ముక్కుకు గుడ్డ. మెట్లెక్కి వచ్చినందుకే ఆయాసపడుతున్నాడు. "ఎక్కడున్నాయి?" అన్నాడు. అత్తగారు చిట్టి చాప చూపించింది. చిట్టి మునుపు పడుకున్న పిల్ల మంచం చూపించింది. సోఫా చూపించింది. తన మంచం చూపించలేదు, చిట్టి పడుకున్నదే అయినా కొడుకు గది కదా, మా గదీ చూపించలేదు. అక్కడ ఉండవు కదా, ఆవిడ లెక్కలో.

అతను చూపించిన చోటల్లా కొట్టాడు. చిన్న లైటు వేసి మంచం కోళ్ల సందులు, పరుపు అంచులు చూశాడు. "ఇవి చూడండి" అని నన్ను పిలిచాడు. పరుపు అంచు మీద పెన్ను గుచ్చినట్టు నల్లటి చుక్కలు. "ఇది వాటి మలం. తడి చేత్తో రుద్దితే సిరాలాగా పాకుతుంది. ఇవి వదిలేసిన పొట్టులు. మనకి నల్లి కనబడకపోయినా ఇవి కనబడితే ఉన్నట్టే." తర్వాత పంపు దించి, నీళ్లు తాగి, జాగ్రత్తలు చెప్పాడు. మందుకి గుడ్లు చావవు, మళ్లీ వచ్చి కొట్టాలి. ఉడకబెట్టలేని సామాను సంచుల్లో పెట్టి గాలి దూరకుండా కట్టెయ్యాలి, తొందరపడి విప్పకూడదు. "నల్లి మొండిది. తిండి లేకుండా నెలలకి నెలలు ఉంటుంది. ఒక్కోసారి ఏడాది దాకా కూడా."

"ఏడాదా?" అంది అత్తగారు.

"అవునమ్మా. ఇంకో మాట. ఈ పక్కలు ఖాళీగా పెట్టకండి. మనిషి ఊపిరికి, ఒంటి వేడికి వస్తాయవి. మనిషి లేకపోతే వెతుక్కుంటూ పక్క గదులకి పోతాయి. మనిషి పడుకుంటేనే మందు మీంచి నడిచొచ్చి చస్తాయి. మీరు మనిషిని మార్చిన కొద్దీ వాటికి దారి చూపించినట్టే."

చిట్టి గుమ్మంలో నిలబడి వింటోంది. మేమంతా ఏం చేశామో నాకప్పుడు అర్థమైంది. నల్లులు వస్తున్నాయని చిట్టిని గది గదికీ తరిమాం, చిట్టి వెనకే నల్లులూ గది గదికీ వెళ్లాయి. అత్తగారికి మాత్రం అందులో ఒక ముక్కే వినబడింది. "చూశావా, దీని వెనకే పోతాయంటున్నాడు" అంది.

అతను సామాను సర్దుకున్నాడు. మెట్ల దాకా వెళ్లి సాగనంపితే నాతో అన్నాడు. "ఏ ఇంటికెళ్లినా ముందు మంచం చూపించరమ్మా, మనిషిని చూపిస్తారు. మా పని చూపించిన చోట కొట్టడం." అని దగ్గుకుంటూ దిగిపోయాడు.

ఆ సాయంత్రం అత్తగారు అల్లుడికి ఫోన్ చేసింది. వచ్చి తీసుకెళ్లు నాయనా, చిన్నదాని పంతమే కానీ పెద్దగా ఏమీ లేదు అని చెప్పింది. ఆదివారం వస్తానన్నాడట. ఆ మాట చెబుతూ, "ఎవరి మూట వాళ్లింటికి చేరితే ఎవరి పీడా ఎవరికీ ఉండదు" అంది. సొంత కూతురితో.

చిట్టి సూట్‌కేసు తీసింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నువ్వు నిజంగా వెళ్తావా?"

"నా వల్ల పిల్లకి కూడా దద్దుర్లొచ్చాయి వదినా. పక్కింటివాళ్ల ముందు దాని పరువు పోయింది. ఇంకా ఎన్నాళ్లుంటాను చాప పట్టుకుని?" బట్టలు మడతపెడుతూనే ఉంది. "అక్కడ తాళమేగా. లోపల పడి ఉంటాను."

నాకు ఏడుపొచ్చింది. జాలితో కాదు, కోపంతో. ఎవరి మీద కోపమో తేల్చుకునే ఓపిక కూడా లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు పిల్లను కేకలేశాను హోంవర్క్ చెయ్యలేదని. అది "నేనేం చేశాను?" అంది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎక్కువైపోయింది.

శనివారం పొద్దున మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. భుజం మీది సంచి నా మిషను పక్కన పడేసి, "అడుగు కుట్టు ఊడిపోయింది, కాస్త కుట్టిపెట్టు. రాత్రికి కావాలి" అని స్నానానికి పోయాడు. ఆ సంచి ఆయనకు ప్రాణం. అందులో ఒక దుప్పటి, చిన్న దిండు, తువాలు, ఒక జత బట్టలు ఉంటాయి. అటువైపు ఊళ్లో విశ్రాంతి గదిలో మంచం పక్కన పడుంటుంది, ఇంటికొస్తే మా మంచం కింద పడుంటుంది.

సామాను తీసి పక్కన పెట్టి, సంచిని లోపలికి తిప్పి బల్ల మీద వేశాను. అడుగున అంచు చుట్టూ గొట్టంలా మడిచి కుట్టిన గుడ్డ ఒకటుంటుంది. ఊడినచోట కొత్త కుట్టు వెయ్యాలంటే పాతది కొంత విప్పాలి. చిన్న కత్తితో ఒక జానెడు విప్పాను.

మొదట పాత తడిగుడ్డ వాసన, దాంతో పాటు పాడైన తీపి వాసన ఒకటి వచ్చింది. తర్వాత నల్లటి చుక్కలు కనబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, గుడ్డ లోపలంతా నల్లగా అలికినట్టుంది. పొట్టుల మీద పొట్టులు. తెల్లటి గుడ్లు, నువ్వు గింజలో సగం లేవు, దారానికి అతుక్కుని వరసగా ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఒకటి, తర్వాత ఇంకొకటి, వెలుగు పడేసరికి కంగారుగా లోపలికి పాకాయి. ఇదేమీ నిన్నటి కాపురం కాదు. తాతలు, మనవలు, మునిమనవలు ఉన్న ఇల్లు అది.

నాకు గుర్తొచ్చింది. మా మంచం మీద ఆయన పడుకునే వైపు దుప్పటికి తుప్పు రంగు మరకలుండేవి. బస్సు తుప్పనుకుని సబ్బు పెట్టి రుద్దేదాన్ని. ఆ మరకలు చిట్టి రాకముందు నుంచీ ఉన్నాయి.

వెంటనే కేకలు పెట్టలేదు. లైనింగుకని ఉంచుకున్న తెల్లగుడ్డ ఒకటి బాల్కనీలో ఎండలో పరిచి, సంచిని దాని మధ్యలో పెట్టాను. తర్వాత చిట్టి సూట్‌కేసు తెచ్చాను. బట్టలన్నీ మంచం మీద పెట్టి, దాని లోపలి గుడ్డ కుట్లు కూడా విప్పాను. చిట్టి వింతగా చూస్తూ, "ఏంటి వదినా, చింపేస్తున్నావు?" అంది. "మళ్లీ కుడతాలే" అన్నాను. లోపల ఒక పాత బస్సు టికెట్టు, ఒక పిన్నీసు దొరికాయి. చుక్క లేదు, పొట్టు లేదు. నా ఇంట్లో అంత శుభ్రమైన వస్తువు అదొక్కటే ఉన్నట్టుంది.

అప్పుడు అందర్నీ బాల్కనీలోకి పిలిచాను. ఎండకు సంచి వేడెక్కి, నల్లులు తెల్లగుడ్డ మీదికి బయల్దేరాయి. మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, తువాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. డీజిల్ మాట ఎత్తలేదు.

"ఇది మీ సంచి" అన్నాను. "అది చిట్టి సూట్‌కేసు. రెండూ విప్పాను. చూసుకోండి."

ఆయన అన్నాడు. "అక్కడ విశ్రాంతి గదిలో అందరూ గోక్కుంటూనే ఉంటారు. నాకేం రాలేదు కాబట్టి నన్ను కుట్టట్లేదనుకున్నా."

అత్తగారు వంగి గుడ్డ మీదికి చూసింది. సంచి చూసింది. కొడుకు మొహం చూసింది. నేను ఆవిడ నోటివెంట ఏం వస్తుందా అని ఎదురుచూశాను. ఆవిడ నిట్టూర్చి, "పాపం, వాడేం చేస్తాడు. డ్యూటీ కదా" అంది.

అంతవరకూ నాకు ఓపిక ఉంది. ఎక్కడుందో తెలీదు కానీ ఉంది. ఆ మాటతో అయిపోయింది.

"చిట్టి తెస్తే పీడ, మీ అబ్బాయి తెస్తే డ్యూటీనా అత్తయ్యా?" అన్నాను. గొంతు పెద్దది చెయ్యలేదు. పెద్దది చేసే శక్తి లేదు. "అవే నల్లులు కదా. ఇన్నాళ్లూ ఆ పిల్ల చాప పట్టుకుని వంటింట్లో పడుకుంది. ఆయన్ని ఒక్కపూట అక్కడ పడుకోమని అందామా? అనం. వాడేం చేస్తాడు పాపం అంటాం. దాన్నెందుకు ఒక్కసారి పాపం అనలేదు మీరు?"

చిట్టి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వాళ్లమ్మ ఇప్పుడైనా తనవైపు చూస్తుందేమోనని చూసింది. అత్తగారు చూడలేదు. లోపలికి వెళ్లి తన మంచం మీద కూర్చుంది. చిట్టి కూడా లోపలికి వెళ్లి, బట్టలు మళ్లీ సూట్‌కేసులో పెట్టడం మొదలుపెట్టింది. "నల్లులు ఎవరివైతే ఏంటి వదినా, మాట అదే కదా" అంది.

మధ్యాహ్నం మందు కొట్టే అతన్ని మళ్లీ పిలిచాను. ఈసారి ఎవర్నీ చూపించనివ్వలేదు. "ఇల్లంతా చూడండి" అన్నాను. అతను లైటు పట్టుకుని అన్ని గదులూ తిరిగి, చివరికి అత్తగారి మంచం దగ్గర ఆగాడు. ఆవిణ్ణి లేవమని, పరుపు అంచు తిప్పి, మంచం తలవైపు చెక్క సందులో చూసి, "అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే ఉన్నాయి" అన్నాడు.

"నా మంచంలోనా?" అంది అత్తగారు. "నన్ను కుట్టవే."

"కుట్టకుండా ఇన్ని ఎలా బతుకుతాయమ్మా? కుడుతూనే ఉండుంటాయి. కొందరికి తేలదు. పెద్దవాళ్లకి మరీను. దద్దు తేలలేదని కుట్టలేదనుకుంటారు, అంతే."

ఆవిడ తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అతను దిండు తీసి చూపించాడు. గలీబు తీస్తే లోపల దిండు మీద ఎండిన రక్తపు మరకలు, వేలికొసలంత. ఆ దిండు మీదే ఆవిడ రోజూ నిద్రపోయేది, లేచి, ఇన్నాళ్లూ మనింట్లో లేవు అనేది.

అతను ఇల్లంతా మందు కొట్టి, మంచాలు గోడకు దూరం జరిపి, పాకొచ్చేవి పడేలా కోళ్ల కింద గిన్నెలు పెట్టించి, మళ్లీ చెప్పాడు. "ఎవరి పక్కలో వాళ్లే పడుకోండి. ఎవర్నీ మార్చకండి. కొన్నాళ్లు కుట్టించుకోవాల్సిందే, తప్పదు. అలా అయితేనే పోతాయి." మందు ఆరేదాకా మేడ మీద కూర్చున్నాం అందరం. మా ఆయన సంచిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టేశాడు. తర్వాత చిట్టి పక్కన కూర్చుని, "నీకు చాప కొత్తది తెస్తాలే" అన్నాడు. చాప కాదన్నయ్యా, మంచం మీద పడుకుంటా అంది చిట్టి. మా పిల్ల ఫక్కున నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది.

చీకటి పడుతుండగా ఇంట్లోకి వచ్చాం. మా ఆయన సంచి లేకుండానే డ్యూటీకి పోయాడు. చిట్టి మొదట పడుకున్న చోటికే, పిల్ల మంచానికే వెళ్లాలి. కానీ పిల్ల నా పక్కలో పడుకుంటానని మొండికేసింది. మార్చకూడదన్నాడే అంటే, "అయితే నన్ను కుట్టమంటావా?" అంది. దాన్ని ఒక్కదాన్ని కాదనలేకపోయాను. దాంతో ఆ మంచం మీద చిట్టి ఒక్కతే మిగిలింది. దుప్పటి కప్పుకోకుండా, చేతులు గుండెల మీద పెట్టుకుని పడుకుంది. "రేపు వెళ్లిపోయేదాన్నేగా. ఈ పూటకి నేను ఎర" అంది. అది హాస్యమనే అనుకుంది పాపం.

అత్తగారు తన మంచం మీద కాసేపు కూర్చుంది. తర్వాత దిండు తీసుకుని లేచింది. కూతురి మంచం దగ్గరకొచ్చి, "జరుగు" అంది.

"నీ మంచం నీకుందిగా అమ్మా. మారకూడదన్నాడు."

"ఉంది. దాన్ని అతుకుదాం." వయసు మళ్లిన మనిషి, తన మంచాన్ని తనే తోసుకుంటూ తెచ్చి కూతురి మంచానికి ఆనించింది. గిన్నెలు చప్పుడు చేశాయి. నేను సాయం పట్టబోతే వద్దంది. రెండు మంచాలూ కలిశాక, మధ్యన సందు మీదుగా జరిగి కూతురి పక్కన పడుకుంది. "నిన్నొక్కదాన్నే తింటే ఎలా? నన్ను కూడా తిననీ" అంది. నేను లైటు తీసేసి వచ్చేశాను.

పొద్దున లేచి వెళ్లేసరికి తల్లీకూతుళ్లిద్దరూ మంచం అంచున పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. కిటికీ వెలుగులో అత్తగారు తన చేతిని చిట్టి చేతి పక్కన పెట్టి చూసుకుంటోంది. చిట్టి చేతి మీద కొత్తగా లేచిన దద్దుర్లు, మణికట్టు నుంచి వరసగా. అత్తగారి చెయ్యి ముడతలు తప్ప ఏమీ లేకుండా ఉంది.

"రాత్రి నన్నూ కుట్టాయంటావా?" అంది అత్తగారు.

"పక్కపక్కనే పడుకున్నాంగా. కుట్టే ఉంటాయమ్మా. నీకు తేలదు, అంతే."

ఆవిడ ఆ చేతిని రెండో చేత్తో తడుముకుంది. నేను టీ పెట్టడానికి వెళ్లబోతుంటే, తనతో తను అన్నట్టు అంది. "మీ నాన్న దగ్గరా అంతేనేమో. తేలలేదు. నాకేం కాలేదనుకున్నా."

చిట్టి తల్లి వైపు చూసింది. తల్లి కూడా ఈసారి చూసింది. గుమ్మం పక్కన చిట్టి సూట్‌కేసు సిద్ధంగా ఉంది. లోపలి గుడ్డ నేనింకా తిరిగి కుట్టలేదు.

"అమ్మాయ్" అని నన్ను పిలిచింది అత్తగారు. "అల్లుడు బయల్దేరకముందే ఫోన్ చెయ్యి. ఇంట్లో నల్లులున్నాయి, రావద్దని చెప్పు."

"ఎప్పటిదాకా అనడిగితే ఏం చెప్పను అత్తయ్యా?"

"తిండి లేకపోయినా ఏడాది ఉంటాయన్నాడుగా ఆ మందతను. ఏడాదని చెప్పు." కాస్త ఆగి, "అప్పటికీ అడిగితే, మళ్లీ గుడ్లు పెట్టాయని చెబుదాం" అంది.

నేను ఫోన్ తీశాను. అవతల ఒకసారి మోగి, రెండోసారి మోగుతోంది. అత్తగారు గిన్నెలో చన్నీళ్లు తెచ్చి, గుడ్డ ముంచి, చిట్టి చేతి మీద దద్దుర్లకు ఒక్కొక్కదానికీ అద్దుతోంది.